ఎల్‌సీడీ ప్యానెళ్ల తయారీలో లోపాలను తగ్గించడం ఎలా: లోపం పుట్టిన చోటును పట్టుకునే పద్ధతి

పూర్తయిన ప్యానెల్‌ను తనిఖీ బల్ల మీద వెలిగించినప్పుడు కనిపించే చుక్క గానీ, గీత గానీ, మరక గానీ ఆ బల్ల దగ్గర పుట్టినది కాదు. అంతకు ఎన్నో రోజుల ముందు, గాజు పలక మీద ఏదో ఒక పొర పడుతున్నప్పుడో, రెండు పలకలు ఒకదానితో ఒకటి అతుక్కుంటున్నప్పుడో అది పుట్టి ఉంటుంది. చివరి తనిఖీని ఎంత కట్టుదిట్టం చేసినా చెడ్డ ప్యానెల్ బయటికి పోకుండా ఆపగలమే తప్ప, మంచి ప్యానెళ్ల సంఖ్యను ఒక్కటి కూడా పెంచలేం. అందువల్ల తయారీ విభాగంలోనో నాణ్యతా విభాగంలోనో కొత్తగా బాధ్యత తీసుకున్నవారు తమ శ్రమలో ఎక్కువ భాగాన్ని లోపాలను లెక్కపెట్టడం మీద కాక, ప్రతి లోపం ఎక్కడ పుట్టిందో తేల్చడం మీద పెట్టాలని నా గట్టి నమ్మకం. కింది క్రమం ఆ ఉద్దేశంతోనే రాశాను.

ముందుగా ఒక చిన్న లెక్క చూడండి. ట్రాన్సిస్టర్ల పలక, కలర్ ఫిల్టర్ పలక, ఆ రెండింటినీ జతచేసే సెల్ విభాగం, ఆపై డ్రైవర్ చిప్‌లు, బ్యాక్‌లైట్ అమర్చే మాడ్యూల్ విభాగం, అన్నీ కలిపి 50 కీలకమైన పనులు ఉన్నాయనుకుందాం. ఒక్కో పనిలో నూటికి 99 పలకలు సరిగ్గా వచ్చినా చివరికి మిగిలేవి నూటికి దాదాపు 60 మాత్రమే. అదే ఒక్కో పనిలో వెయ్యికి 999 సరిగ్గా వస్తే చివరికి నూటికి 95 మిగులుతాయి. 4కె తెర ఒక్కదానిలోనే 3840 × 2160 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు మూడు సబ్‌పిక్సెళ్ల చొప్పున దాదాపు 2 కోట్ల 49 లక్షల సబ్‌పిక్సెళ్లు ఉంటాయి. ఇన్నింటిలో ఏ ఒక్కటి చెడినా కంటికి కనిపించే అవకాశం ఉన్నందున, ‘నూటికి 99 వస్తోంది కదా’ అనే తృప్తికి ఈ పరిశ్రమలో చోటు లేదు.

1. ప్రతి లోపానికీ ఒక పేరు, ఒక చిరునామా ఇవ్వండి

తనిఖీ నమోదులో ‘చుక్క’ అనో ‘గీత’ అనో మాత్రమే రాసి వదిలేస్తే తర్వాత ఎవరూ దానితో ఏమీ చేయలేరు. చుక్క అయితే అది నల్ల తెర మీద వెలుగుతూ కనిపించేదా, తెల్ల తెర మీద నల్లగా మిగిలేదా అన్నది స్పష్టంగా రాయాలి. లిక్విడ్ క్రిస్టల్ అణువులు తిరిగే తీరును బట్టి ప్యానెళ్లలో ఐపీఎస్, వీఏ, టీఎన్ అనే రకాలున్నాయి. ఐపీఎస్, వీఏ రకం ప్యానెళ్లలో వోల్టేజి అందని సబ్‌పిక్సెల్ నల్లగా ఉండిపోతుంది. మామూలు టీఎన్ ప్యానెల్‌లో అదే సబ్‌పిక్సెల్ వెలుగుతూ ఉండిపోతుంది. కాబట్టి ఒకే విద్యుత్ లోపం ప్యానెల్ రకాన్ని బట్టి రెండు రకాలుగా కనిపిస్తుందని తనిఖీ చేసేవారందరికీ ముందే చెప్పి ఉంచండి.

గీతల విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే గీత తన కథంతా తానే చెబుతుంది. తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గీత నిండుగా ఉంటే ముందుగా లైన్లకు సంకేతం పంపే డ్రైవర్ చిప్‌నూ, దాని అతుకునూ అనుమానించండి. గీతలు గుంపుగా, ఒక పట్టీలాగా కనిపిస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఒక వైపు నుంచే సంకేతం అందే లైన్‌లో గీత తెర మధ్యలో ఎక్కడో మొదలై అవతలి అంచు దాకా సాగితే, ఆ మొదలైన చోటే లైన్ తెగిన చోటు. సూక్ష్మదర్శిని కింద నేరుగా అక్కడికే వెళ్లి చూడవచ్చు. అడ్డగీత, నిలువుగీత కలిసి శిలువ ఆకారంలో కనిపిస్తే గేట్ లైన్ (ట్రాన్సిస్టర్లను తెరిచేది), డేటా లైన్ (చిత్ర సంకేతాన్ని తెచ్చేది) ఒకదాన్నొకటి దాటే ఆ కూడలిలో రెండూ కలిసిపోయాయని అర్థం.

ఇక మురా. జపాన్ భాషలో ‘ఎగుడుదిగుడు’ అనే అర్థమున్న ఈ మాటను ప్రపంచమంతటా తెర తయారీదారులు వాడుతున్నారు. అంచులు స్పష్టంగా లేకుండా, వెలుగులో కొద్దిపాటి తేడాతో మబ్బులాగానో, పట్టీలాగానో కనిపించే మరక ఇది. దాన్ని ‘ఉంది, లేదు’ అని రాయకుండా దాని ఆకారం, దిశ, ఏ బూడిద స్థాయిలో బాగా కనిపిస్తోంది, ఏ కోణం నుంచి కనిపిస్తోంది అన్న నాలుగు సంగతులూ రాయించండి.

చిరునామా విషయంలో చాలామంది పొరపాటు చేసేది ఒకచోట ఉంది. లోపం స్థానాన్ని ప్యానెల్ కొలతల్లో కాక, ప్యానెల్‌ను కోయకముందు ఉన్న పెద్ద గాజు పలక కొలతల్లోకి మార్చి నమోదు చేయాలి. పలకల పరిమాణాన్ని తరాలుగా చెబుతారు; 8.5వ తరం పలక 2200 × 2500 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని నుంచి 55 అంగుళాల ప్యానెళ్లు ఆరు వస్తాయి. ఆ ఆరింటిలో ఇది ఎన్నోది, పలక మీద ఏ దిశలో ఉండేది అన్నది తెలియకపోతే చిరునామా ఉండీ లేనట్లే. కోసిన తర్వాత ఏదో ఒక యంత్రం దగ్గర ప్యానెల్ 180 డిగ్రీలు తిరిగి ఉండవచ్చు. ఆ సంగతి లెక్కలోకి తీసుకోకపోతే ఒకేచోట పోగుపడాల్సిన లోపాలు రెండు చోట్లకు చీలిపోయి, ఏ క్రమమూ లేనట్లు కనిపిస్తాయి.

2. పటాలను ఒకదానిమీద ఒకటి పరచి చదవండి

ఒక వారంలో వచ్చిన పలకలన్నింటి లోపాలనూ ఒకే పటం మీద గుర్తించి చూడండి. ఒక్కో పలకను విడిగా చూస్తే కనిపించని క్రమం అప్పుడు బయటపడుతుంది.

ప్రతి పలకలోనూ సరిగ్గా అదే బిందువు దగ్గర లోపం ఉంటే అది దుమ్ము వల్ల వచ్చినది కాదు. ఫోటోమాస్క్ (పలక మీద ముద్రించాల్సిన నమూనా ఉన్న అచ్చు) మీద మరకో, గీతో ఉండి ఉంటుంది. మాస్క్‌ను ఆపి శుభ్రం చేయించేదాకా తయారయ్యే ప్రతి పలకా చెడిపోతూనే ఉంటుంది గనుక, ఈ ఒక్క సందర్భంలో మాత్రం పూర్తి ఆధారాలకోసం ఎదురుచూడకుండా ఆ యంత్రాన్ని వెంటనే ఆపించండి. పలక సాగే దిశలో సమాన దూరాల్లో మచ్చలు వరుసగా ఉంటే ఆ దూరాన్ని కొలవండి. అది 188 మిల్లీమీటర్లు అయితే 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న రోలర్ కోసం వెతకండి, ఎందుకంటే ఆ రోలర్ చుట్టుకొలత అంతే; దాని మీద ఒకచోట అంటుకున్న మడ్డి ప్రతి చుట్టులోనూ పలకను తాకుతోందన్నమాట. గుండ్రని మసక మచ్చలు చుక్కల ముగ్గులాగా క్రమంగా పరచుకుని ఉంటే, పలకను పైకెత్తే పిన్నుల అమరికను ఆ పటం మీద పెట్టి చూడండి. వేడి పలక మీద పిన్ను తాకిన చోట ఉష్ణోగ్రత తేడా వచ్చి ఫోటోరెసిస్ట్ (కాంతికి స్పందించే పూత) మందం మారిపోవడం తరచుగా జరిగేదే. పూత పూసే దిశలో సన్నని గీత సాగితే పూత నాజిల్ పెదవి మీద ఎండిన రసాయనం అతుక్కుని ఉంటుంది. పూత దిశకు అడ్డంగా పట్టీలు వస్తే పంపు తడబాటునో, బల్ల వేగంలోని ఒడిదొడుకులనో, కంపనాన్నో పరిశీలించాలి.

ఏ క్రమమూ లేకుండా చెల్లాచెదురుగా ఉన్నవి మిగులుతాయి. వాటిలో అత్యధికం దుమ్ము కణాలే.

3. దుమ్ము ఎవరు తెచ్చారో తేల్చండి

క్లీన్‌రూమ్ గాలిని కొలిచి ‘అంతా బాగానే ఉంది’ అనుకోవడంతో సరిపోదు. ఐఎస్‌ఓ 14644-1 ప్రమాణం ప్రకారం 5వ తరగతి గదిలో ఒక ఘనపు మీటరు గాలిలో 0.5 మైక్రాన్లు, అంతకు మించిన కణాలు 3,520కి మించకూడదు. 4వ తరగతిలో 352. గది గాలి ఈ హద్దుల్లోనే ఉన్నా, పలక తిరిగేది యంత్రాల లోపల గనుక అసలు దుమ్ము అక్కడే పడుతుంది. దీన్ని తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఏ పొరా లేని శుభ్రమైన గాజు పలకను తీసుకుని, దాని మీది కణాలను లెక్కించి, ఒక యంత్రం గుండా పంపి, బయటికి వచ్చాక మళ్లీ లెక్కించండి. పెరిగినవన్నీ ఆ యంత్రం కలిపినవే. ఇలా ఒక్కో యంత్రాన్నీ విడివిడిగా కొలిస్తే, వాదోపవాదాలతో వారాల తరబడి తేలని విషయం రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది.

దొరికిన కణాన్ని పారేయకుండా సూక్ష్మదర్శిని కింద శ్రద్ధగా చూడండి. దాని మీదుగా పొర పరచుకుని, దుప్పటి కింద గులకరాయిలా ఉబ్బెత్తుగా కనిపిస్తే ఆ పొర పడకముందే అది వచ్చి చేరింది. పొర మీద విడిగా కూర్చుని ఉంటే పొర పడిన తర్వాత వచ్చింది. పొరలో ఖాళీ గుంట మాత్రమే మిగిలి ఉంటే, కణం పొర పడేటప్పుడు అక్కడ ఉండి, తర్వాతి శుభ్రతలో పొరను వెంట తీసుకుని పోయింది. ఈ మూడింటిలో ఏది అన్నది తేలితే చాలు, అనుమానించవలసిన యంత్రాల సంఖ్య సగానికి సగం తగ్గిపోతుంది. ఆ కణంలో ఉన్న మూలకాలను కూడా పరీక్ష చేయించగలిగితే ఇంకా మంచిది. సిలికాన్, నత్రజని కనిపిస్తే వాయు రూపంలోని రసాయనాలతో పొర పరిచే సీవీడీ గది గోడల నుంచి రాలిన పెచ్చు. ఆ గది శుభ్రత విరామాన్ని తగ్గించాలి. ఇనుము, క్రోమియం కనిపిస్తే కదిలే లోహ భాగాల అరుగుదల. సోడియం, క్లోరిన్, కార్బన్ కలిసి కనిపిస్తే మనిషి చర్మాన్నీ, చెమటనూ అనుమానించాలి.

శుభ్రం చేసే యంత్రమే మురికిని అంటించే సందర్భాలూ ఉన్నాయి. అరిగిన బ్రష్ నూలుపోగులను వదులుతుంది. కడిగే నీటి విశిష్ట నిరోధం 18 మెగాఓమ్-సెంటీమీటర్ల దగ్గర ఉన్నా, గాలి ధారతో తడిని ఊడ్చే ఎయిర్ నైఫ్ కోణం తప్పి నీటి బొట్టు పలక మీదే తనంతట తాను ఎండిపోతే అక్కడ మరక మిగులుతుంది. కాబట్టి బ్రష్ మార్పిడి తేదీని, ఎయిర్ నైఫ్ తర్వాత మిగిలిన తడిని ప్రతి షిఫ్టు మొదట్లో చూడడం అలవాటు చేయండి.

4. స్థిర విద్యుత్తును తక్కువ అంచనా వేయకండి

గాజు విద్యుత్ బంధకం. యంత్రం బల్లకు ఎర్తింగ్ బాగా ఉన్నంత మాత్రాన గాజు మీద పోగైన ఆవేశం భూమిలోకి పోదు. కొత్తగా చేరినవారికి నేను మొట్టమొదట చెప్పే మాట ఇదే, ఎందుకంటే ఎర్తింగ్ సరిచూసుకుని నిశ్చింతగా ఉండేవారిని చాలామందినే చూశాను.

పలక బల్లకు ఆనుకుని ఉన్నంతసేపు వోల్టేజి తక్కువగానే కనిపిస్తుంది. పిన్నులు దాన్ని పైకెత్తగానే ఆవేశం అంతే ఉండి, పలకకూ బల్లకూ మధ్య కెపాసిటెన్స్ (ఆవేశాన్ని నిలుపుకునే సామర్థ్యం) పడిపోతుంది. దాంతో వోల్టేజి ఒక్కసారిగా వేలల్లోకి ఎగబాకుతుంది. గేట్ లైన్ మీద బంధకంగా ఉన్న సిలికాన్ నైట్రైడ్ పొర మందం సాధారణంగా మైక్రాన్‌లో సగం కూడా ఉండదు గనుక అంతటి వోల్టేజిని తట్టుకోలేదు. అందుకే మీటరుతో కొలిచేటప్పుడు పలక బల్ల మీద ఉన్నప్పుడు కాదు, పైకి లేస్తున్న ఆ క్షణంలో కొలవాలి. పిన్నులను మొదటి కొన్ని మిల్లీమీటర్లు నెమ్మదిగా ఎత్తించండి. గాలిలోకి అయాన్లను వదిలి ఆవేశాన్ని తీసేసే అయొనైజర్‌ను సరిగ్గా ఆ ఎత్తే చోటికి తిప్పి పెట్టండి. గాలిలో తేమను 50 శాతం దగ్గర నిలకడగా ఉంచండి. లైన్లన్నింటినీ చివర్లో కలిపి ఉంచే షార్టింగ్ రింగ్ అవసరమైన దశ దాటకముందే తెగిపోకుండా చూసుకోండి. అయొనైజర్ సూదులు మాసిపోతే ధన, రుణ అయాన్ల సమతూకం తప్పి, ఆవేశాన్ని తీసేయవలసిన పరికరమే ఆవేశాన్ని ఎక్కిస్తుంది. కాబట్టి వాటిని శుభ్రం చేసే రోజును కూడా పట్టికలో రాయండి.

5. ఎచింగ్‌కు ముందే ఆపండి

ట్రాన్సిస్టర్ పలక మీద నాలుగైదు మాస్కులతో అదే పని మళ్లీ మళ్లీ జరుగుతుంది: పొర పరచడం, ఫోటోరెసిస్ట్ పూయడం, కాంతి పడేలా చేయడం, డెవలప్ చేయడం (నమూనా తేలేలా రెసిస్ట్‌ను కడగడం), ఎచింగ్ (రెసిస్ట్ కప్పని చోట పొరను తొలగించడం), మిగిలిన రెసిస్ట్‌ను తీసేయడం. ఇందులో డెవలప్ చేసిన తర్వాత, ఎచింగ్‌కు ముందు ఉన్న విరామం ఎంతో విలువైనది. అక్కడ లోపం దొరికితే రెసిస్ట్‌ను కడిగేసి మళ్లీ పూయవచ్చు; పలక చెక్కుచెదరదు. ఎచింగ్ దాటాక దొరికితే లేజర్‌తో మరమ్మతు చేయడమో, వదులుకోవడమో తప్ప మరో మార్గం లేదు. ఆప్టికల్ తనిఖీ యంత్రాలు తక్కువగా ఉండి అన్ని చోట్లా పెట్టలేని పరిస్థితి వస్తే, నా సలహా ప్రకారం మొదటి యంత్రాన్ని ఈ చోటుకే కేటాయించండి.

లేజర్ మరమ్మతు మంచి సాధనమే. కలిసిపోయిన లైన్లను కోసి విడదీయవచ్చు, తెగిన లైన్‌కు లోహాన్ని నింపి కలపవచ్చు, వెలుగు చుక్కను నల్ల చుక్కగా మార్చి కంటికి ఆనకుండా చేయవచ్చు. అయితే మరమ్మతు చేసిన లోపాన్ని కూడా లోపంగానే లెక్కలో ఉంచాలి. లేకపోతే మరమ్మతు బల్ల బాగా పనిచేసే కొద్దీ, పుట్టుక దగ్గరి సమస్య కాగితం మీద మాయమైపోతుంది.

6. సెల్ విభాగంలో మైక్రాన్లతో వ్యవహరించండి

రెండు గాజు పలకల మధ్య లిక్విడ్ క్రిస్టల్ నిండే ఖాళీ 3 నుంచి 4 మైక్రాన్లు మాత్రమే. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే 10 మైక్రాన్ల కణం ఒకటి లోపల చిక్కుకుంటే అది పై పలకను తన చుట్టూ గుడారంలా పైకెత్తుతుంది. కణం చిన్నదే అయినా దాని చుట్టూ ఉబ్బిన ప్రాంతం అంతకు ఎన్నో రెట్లు పెద్దదిగా, తరచుగా పసుపు ఛాయతో కనిపిస్తుంది. తెర వెలుగు ఈ ఖాళీ మందం మీద ఆధారపడి ఉండడమే దీనికి కారణం.

ఇక్కడ మొదటి సంగతి అలైన్‌మెంట్ పొర, అంటే లిక్విడ్ క్రిస్టల్ అణువులను ఒక దిశలో అమర్చే పాలిమైడ్ పూత. పాలిమైడ్ పూతకు ముందు పలక మీద కణం గానీ నూనె జిడ్డు గానీ ఉంటే ఆ చోట పూత ముడుచుకుని సూదిబెజ్జం మిగులుతుంది. పూతకూ, ఎండబెట్టడానికీ మధ్య గడిచే సమయం పలక పలకకూ మారితే మందం కూడా మారుతుంది; అందువల్ల నిరీక్షణ సమయానికి కచ్చితమైన హద్దు పెట్టండి. బట్ట చుట్టిన రోలర్‌తో రుద్దే పద్ధతి వాడుతున్నట్లయితే బట్ట అరిగే కొద్దీ నూలుపోగులు, గీతలు, స్థిర విద్యుత్తు మూడూ పెరుగుతాయి కాబట్టి ఇన్ని పలకలకు ఒకసారి బట్ట మార్చాలి అన్న లెక్కను మీ సొంత లోపాల పటం నుంచే తేల్చుకోండి. ధ్రువిత అతినీల లోహిత కాంతితో అమర్చే పద్ధతిలో ఈ మూడు బాధలూ దాదాపు ఉండవు. బదులుగా కాంతి మోతాదు పలకంతటా సమానంగా ఉందో లేదో చూసుకోవాలి.

రెండో సంగతి లిక్విడ్ క్రిస్టల్ పరిమాణం. ఇక్కడ లెక్క వేసి చూడడం చాలా అవసరం. 55 అంగుళాల ప్యానెల్ వైశాల్యం సుమారు 0.83 చదరపు మీటర్లు. ఖాళీ 3.5 మైక్రాన్లు అనుకుంటే దానిలో పట్టే ద్రవం సుమారు 2.9 మిల్లీలీటర్లు మాత్రమే, అంటే ఒక టీస్పూన్‌లో కూడా నిండదు. ఖాళీ 0.1 మైక్రాన్ మారితే అవసరమైన ద్రవం 0.08 మిల్లీలీటర్లు మారుతుంది. ద్రవం తగ్గితే చలిలోనో, దెబ్బ తగిలినప్పుడో లోపల బుడగ ఏర్పడుతుంది. ఎక్కువైతే తెర వేడెక్కినప్పుడు ద్రవం వ్యాకోచించి, నిలబెట్టిన ప్యానెల్ కింది అంచు దగ్గరికి దిగి మసక పట్టీగా కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న సురక్షిత మేర ఎంతో మీ ప్యానెల్‌కు మీరే కనుక్కోవాలి. పరిమాణాన్ని కొద్దికొద్దిగా మార్చి ప్యానెళ్లు చేసి, ఒక సగాన్ని చలిలో, మరో సగాన్ని నిలబెట్టి వేడిలో ఉంచి పరీక్షించండి. ఆ మేర తేలిన తర్వాత, రెండు పలకల మధ్య స్తంభాల్లా నిలిచే స్పేసర్ల ఎత్తును పలక పలకకూ కొలిచి, ఆ కొలతను బట్టి పలక మీద వేసే లిక్విడ్ క్రిస్టల్ చుక్కల పరిమాణాన్ని సవరించే ఏర్పాటు చేయండి. స్పేసర్ ఎత్తు మారుతూ ఉండగా ద్రవాన్ని మాత్రం స్థిరంగా ఉంచడం, ఆ తర్వాత బుడగ వచ్చిందని సీల్‌ను తప్పుపట్టడం నేను ఎక్కువగా చూసిన పొరపాటు.

మూడోది సీల్, అంటే రెండు పలకలను అంచుల వెంబడి అతికించే జిగురు. గట్టిపడని సీల్ జిగురు లిక్విడ్ క్రిస్టల్‌ను తాకితే దానిలోని పదార్థాలు ద్రవంలోకి దిగి అంచుల వెంబడి మరకలు, కాలక్రమంలో పాత బొమ్మ నీడ నిలిచిపోవడం వంటి లోపాలు వస్తాయి. పలకలు కలిసిన తర్వాత అతినీల లోహిత కాంతి పడేదాకా గడిచే సమయాన్ని వీలైనంత తగ్గించండి. కలర్ ఫిల్టర్ వైపు నల్ల పట్టీ కాంతిని అడ్డుకుంటుంది గనుక కాంతిని ట్రాన్సిస్టర్ల వైపు నుంచి పంపాలి. ఆ వైపు కూడా లోహపు లైన్లు సీల్ మీద ఎంత నీడ వేస్తున్నాయో డిజైన్ దశలోనే అడిగి తెలుసుకోండి. లిక్విడ్ క్రిస్టల్‌లో అయాన్ల కలుషితం ఉందో లేదో తెలియడానికి, సబ్‌పిక్సెల్ తన వోల్టేజిని ఎంతవరకు నిలుపుకుంటోందో వేడి స్థితిలో కొలవండి. గది ఉష్ణోగ్రతలో బాగున్న ప్యానెల్ 60 డిగ్రీల దగ్గర అసలు రూపం చూపవచ్చు.

7. కోత, పోలరైజర్, అతుకు

ఈ దశలో లోపాలు త్వరగా కనిపిస్తాయి, కారణాలూ సూటిగా ఉంటాయి. కోత చక్రం అరిగితే అంచు పెచ్చులూడి గాజు పొడి రాలుతుంది. ఆ పొడి పోలరైజర్ (కాంతిని ఒకే దిశలో పోనిచ్చే పొర) కింద చిక్కితే తెల్ల చుక్కలు, బుడగలు. చక్రం ఎన్ని మీటర్లు కోసిందో లెక్కపెట్టి మార్చండి; కోతకూ పోలరైజర్‌కూ మధ్య శుభ్రత తప్పనిసరి. పోలరైజర్ రక్షణ పొరను వలిచేచోట అయొనైజర్ పెట్టండి. డ్రైవర్ చిప్‌లను అతికించే ఏసీఎఫ్ పట్టీని (వాహక కణాలున్న జిగురు పట్టీని) చల్లని నిల్వ నుంచి తీసిన వెంటనే విప్పకూడదు. గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా సంచిలోనే ఉంచాలి. లేకపోతే గాలిలోని తేమ దాని మీద చెమ్మగా పట్టి, అతుకు ఆ రోజు బాగానే ఉన్నా కొన్ని నెలలకు వదులుతుంది. అతికించాక సూక్ష్మదర్శినితో చూస్తే ప్రతి ఎలక్ట్రోడ్ మీదా వాహక కణాల ముద్రలు స్పష్టంగా కనిపించాలి.

8. చూసే కళ్లను కూడా కొలవండి

ఒకే ప్యానెల్‌ను ఇద్దరు తనిఖీదారులు రెండు రకాలుగా తేలిస్తే మీ లోపాల పటమంతా నమ్మదగనిదవుతుంది. తెలిసిన లోపాలున్నవి, లోపం లేనివి కలిపి ఒక 30 ప్యానెళ్ల కట్టను ఉంచుకుని, పేర్లు చెప్పకుండా ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చూపించండి. తేడా వచ్చిన ప్యానెళ్ల దగ్గర అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించండి. మురా విషయంలో పదాల వర్ణన సరిపోదు. హద్దు ఎక్కడుందో చూపే నమూనా ప్యానెళ్లను బల్ల పక్కనే ఉంచండి. సెమీ అనే పరిశ్రమ సంఘం వెలువరించిన డి31 ప్రమాణం మురాను అంకెల్లో కొలిచే సూచికను నిర్వచించింది. కెమెరా తనిఖీ ఉన్నచోట దాన్ని ఆధారం చేసుకోవచ్చు. గది వెలుతురు, తెర వేడెక్కడానికి ఇచ్చే సమయం, కంటికీ తెరకూ మధ్య దూరం అన్ని షిఫ్టుల్లోనూ ఒకేలా ఉండాలి.

9. ఒకసారికి ఒకే మార్పు చేయండి

కారణం దొరికిందన్న ఉత్సాహంలో వేగం, ఉష్ణోగ్రత, రసాయనం మూడూ కలిపి మార్చేస్తే, లోపం తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు. ఒకే లాట్‌ను రెండుగా చీల్చి సగాన్ని పాత పద్ధతిలో, సగాన్ని కొత్త పద్ధతిలో నడిపి, మిగతా అన్ని యంత్రాలూ రెండు సగాలకూ ఒకటే ఉండేలా చూడండి. ఫలితాన్ని మొత్తం లోపాల సంఖ్యతో కాక, మీరు వేటాడుతున్న ఆ ఒక్క రకం లోపంతోనే పోల్చండి. తగ్గినట్లు తేలితే లోపాన్ని వెనక్కి రప్పించగలరో లేదో కూడా ఒకసారి చూడండి. పాత అమరికకు తిరిగి వెళ్లినప్పుడు లోపం మళ్లీ కనిపిస్తేనే కారణం మీ చేతికి చిక్కినట్లు.

సాధించిన మెరుగుదల చేజారిపోయేది తరచుగా యంత్రం మరమ్మతు తర్వాతే. విడిభాగం మార్చినప్పుడు పిన్నుల వేగమో, నాజిల్ ఎత్తో, అయొనైజర్ కోణమో పాత విలువకు వెళ్లిపోతుంది, అది ఎవరి దృష్టికీ రాదు. కాబట్టి కొత్త విలువను మరమ్మతు తర్వాతి సరిచూత పట్టికలో రాయించి, ఆ యంత్రం నుంచి వచ్చిన మొదటి కొన్ని పలకల లోపాల పటాన్ని మునుపటి పటం మీద పరచి చూసిన తర్వాతే తయారీకి తిరిగి అప్పగించండి.